అమ్మ పూచీకత్తు

చిల్లకల్లు,
4 జనవరి 1981

ప్రియమైన భారతికి అమ్మ దీవెనలు.

ఎప్పుడు రాసినా ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టేవాళ్లం. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ నాన్న పోయారన్న టెలిగ్రాం నీకు అందిందని, బయల్దేరి వస్తున్నానని నువ్వు ఇచ్చిన తిరుగు టెలిగ్రాం చూశాక తెలిసింది. పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. ఇదివరకు ఉత్తరమంతా ఆయన రాసి, కింద రెండు వేళ్ల ఖాళీ నాకు వదిలేవారు. ఇప్పుడు కాగితమంతా నాదే అయింది. అయిదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మిరపతోటకి నీళ్లు కట్టి వచ్చి గుండెల్లో మంటగా ఉందన్నారు. మజ్జిగ తాగి పడుకున్నారు. తెల్లవారి మీ పెదనాన్న జీపు మాట్లాడి బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ నాలుగు రోజులుండి పోయారు. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

అసలు సంగతికి వస్తాను. నువ్వు రావద్దు. నీతో చదివే కలకత్తా అమ్మాయి వాళ్ల అన్న పెళ్లికని వచ్చి, తిరుగు వీసా దొరక్క ఢిల్లీలో కూర్చుని ఏడ్చిందని నువ్వే రాశావు. ఏడాది పోయింది, స్కాలర్‌షిప్పు పోయింది, చివరికి చదువే మానేసింది. ఆ ఉత్తరం మీ నాన్న నాకు రెండుసార్లు చదివి వినిపించారు. మన ఊరి నుంచి రష్యా వెళ్లి డాక్టరు చదివే ఆడపిల్ల మా భారతేనని, బస్సులో పక్క సీటు వాళ్లకి కూడా చెప్పుకునేవారు. ఇంకా రెండేళ్ల చదువుంది. నువ్వు వస్తే ఆయన లేచి కూర్చోరు. నీ చదువు మాత్రం పడుకుంటుంది.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మీ పెదనాన్న అందరి ముందూ "పిల్లని రప్పించెయ్యాలి, చదివింది చాల్లే" అన్నారు. గదిలో ఉన్న నాకు వినబడింది. ఆయన నీకూ రాస్తారు. చదివి పక్కన పెట్టు.

వేళకి తిను. మంచులో ఆ పాత బూట్లతో తిరగకు.

నువ్వు అక్కడే ఉండాలని కోరుకునే
అమ్మ, దుర్గాంబ


ఖార్కోవ్,
26 జనవరి 1981

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం హాస్టలు మెట్ల మీద నిలబడే చదివాను. అంత పొడుగు ఉత్తరం నీ చేత్తో రాసింది ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఒక్క తప్పు కూడా లేదమ్మా.

ఒకటి అడుగుతాను. నాన్న నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారన్నావు. మొదటి రోజే నాకెందుకు టెలిగ్రాం ఇవ్వలేదు? నా గురించి ఏమైనా అన్నారా?

నీ ఉత్తరం రాకముందే నేను ఒక పని చేసేశాను. మా కాలేజీ ఆఫీసుకి వెళ్లి, ఇంటికి వెళ్లి రావడానికి వీసా కావాలని అర్జీ పెట్టాను. కిటికీ వెనకున్నావిడ మంచిదే. "వెళ్లడానికి వీసా వారంలో ఇస్తాం, రావడానికి వీసా మాత్రం నీ దేశంలో అడుక్కోవాలి, ఎన్నాళ్లకొస్తుందో చెప్పలేం" అంది. సరే, ఆలోచించుకుంటానని వచ్చేశాను. అయితే అర్జీలో కారణం అన్నచోట తండ్రి మరణం అని రాశాను కదా, దాంతో నా ఫైలు తిరగేశారు. నన్ను పంపేటప్పుడు పూచీకత్తు మీద సంతకం పెట్టింది నాన్న. పూచీ పడ్డ మనిషి లేరు గనుక కొత్త పూచీకత్తు కావాలట. నా పాస్‌పోర్టు గడువు ఆగస్టులో అయిపోతుంది. పూచీకత్తు లేకపోతే పాస్‌పోర్టు పొడిగించరు. పాస్‌పోర్టు లేకపోతే ఇక్కడ వీసా లేదు. వీసా లేకపోతే అయిదో ఏడాది క్లాసులో అడుగుపెట్టనివ్వరు.

మాస్కోలోని మన ఎంబసీవాళ్లు చెప్పిందేమిటంటే, ఆస్తి ఉన్న దగ్గరి బంధువు ఎవరైనా మేజిస్ట్రేటు ముందు రాసిచ్చి, ఏప్రిల్ నెలాఖరులోగా హైదరాబాదు పాస్‌పోర్టు ఆఫీసులో స్వయంగా దాఖలు చేయాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు కూడా. పెదనాన్నకి ఇవాళే రాస్తున్నాను. ఆయన సంతకం పెడితే అయిపోతుంది. నువ్వు కంగారు పడకు.

అమ్మా, నువ్వు రాత్రిళ్లు ఒక్కదానివే పడుకుంటున్నావా?

ముద్దులతో,
నీ భారతి


చిల్లకల్లు,
19 ఫిబ్రవరి 1981

ప్రియమైన బంగారుతల్లికి,

మీ పెదనాన్న సంతకం పెట్టలేదు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని వచ్చి, వసారాలో కూర్చుని, "అమ్మాయ్ దుర్గాంబా, నేను పెట్టను. పిల్ల ఇంటికి రావాలి" అన్నారు. బతిమాలాను. లేచి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే జగ్గయ్యపేట నుంచి కానిస్టేబులు వచ్చాడు. మీ పెదనాన్నే ఎదురెళ్లి కుర్చీ వేశారు.

"పాస్‌పోర్టు పొడిగించాలని అర్జీ వచ్చిందండి. మీ ఇంటి అమ్మాయేనా?"

"మా తమ్ముడి కూతురు. పొడిగించక్కర్లేదు. రప్పించేస్తున్నాం."

నేను గదిలోంచే, "రప్పించట్లేదండీ, అలా రాసుకోకండి" అని అరిచాను.

ఆ అబ్బాయి రెండు పక్కలా చూసి, "ఎవరి మాట రాసుకోమంటారండి?" అన్నాడు.

"మూలనున్న మనిషి దుఃఖంలో ఏదో అంటుంది. నేను చెప్పింది రాసుకో" అన్నారు మీ పెదనాన్న. రాసుకున్నాడు. కాఫీ తాగి వెళ్లాడు.

నేనెందుకు గుమ్మం దాటి రాలేదని అనుకుంటావేమో. నీకు ఇవన్నీ తెలియవు. మొగుడు పోయిన మనిషిని పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లి, వాళ్లింట్లో ఒక రాత్రి నిద్ర చేయించాలి. ఆ నిద్ర అయ్యేదాకా ఇంకో గడప తొక్కకూడదు, ఊరు దాటకూడదు. మొదటి నెలలో మీ దశరథరామయ్య మామయ్యకి జ్వరం, రాలేదు. ఆ తరవాత పుష్యమాసం, పనికిరాదన్నారు. పుష్యం వెళ్లాక కబురు పెడితే, మూడో నెలలో చేయించకూడదు, ఉగాది పోయాక చూద్దామన్నాడు. పెనుగంచిప్రోలు ఇక్కడికి ఎంత దూరం? నాకు మాత్రం అదే రష్యా అయి కూర్చుంది.

ఇంకొకరి సంతకం కోసం ఎదురుచూడను. పూచీ నేనే పడతాను. మునేటి పక్కన మా నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం నా పేరునే ఉంది. పసుపు కుంకుమలు పోయాయి గానీ ఎకరం ఎక్కడికీ పోలేదు. గుమ్మం దాటే దారే ఆలోచిస్తున్నాను.

మీ నాన్న ఏమన్నారని అడిగావు. ఆస్పత్రి మాటలు ఇప్పుడెందుకమ్మా. చదువుకో.

రాత్రి తోడుకి పక్కింటి హఫీజున్నీసా వచ్చి పడుకుంటోంది. దాని గురక ఊరంతా వినబడుతుంది. భయమెందుకు వేస్తుంది?

ఉంటాను,
అమ్మ


ఖార్కోవ్,
10 మార్చి 1981

ప్రియమైన అమ్మకి,

పెదనాన్న ఉత్తరం, నీ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. ఆయనది నాలుగు వాక్యాలు. "పెళ్లీడు దాటిపోతోంది. మీ అమ్మ ఒంటరిదైపోయింది. చదివింది చాలు. బయల్దేరి రా." అంతే. నాన్న పోయి మూడు నెలలు కాలేదు, ఆయనకి నా పెళ్లి గుర్తొచ్చిందా? నేను ఇక్కడుంటే పొలం సంగతి తేలదనా? నాన్న ఉన్నన్నాళ్లూ నన్ను భుజాలెక్కించుకున్న మనిషేనా ఈయన?

అమ్మా, నేను అలిసిపోయాను. పొద్దున్నే శవాల గదిలో పాఠం, మధ్యాహ్నం ఆఫీసు కిటికీ. కిటికీ దగ్గర ప్రతిసారీ ఒకటే మాట: "మీ ఇంటి నుంచి ఏమైనా వచ్చిందా?" నిన్ను ఆ గదిలో కూర్చోబెట్టి, నీతో ఈ పోట్లాటలన్నీ ఆడించి, నేనిక్కడ డాక్టరునవ్వాలా? నీకు నేను కావాలి. నాకు తెలుసు.

వెళ్లడానికి వీసా అర్జీ నింపి పెట్టాను. ఈసారి తిరుగు వీసా అడగలేదు. సంతకం కూడా చేశాను. ఇంకా ఇవ్వలేదు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను, ఏప్రిల్ మొదటి వారం దాటితే ఇచ్చేస్తాను.

నన్ను క్షమించు.

నీ భారతి


చిల్లకల్లు,
4 ఏప్రిల్ 1981

ప్రియమైన భారతికి,

నా టెలిగ్రాం అందే ఉంటుంది. "అర్జీ ఇవ్వవద్దు. అమ్మ హైదరాబాదు వెళ్తోంది" అని నందిగామ పోస్టాఫీసు నుంచి ఇచ్చాను. ఆ గుమాస్తా "ఎవరైనా చచ్చినప్పుడు ఇస్తారమ్మా విదేశాలకి టెలిగ్రాం, అర్జీ గురించి ఇస్తారా?" అన్నాడు. "ఇస్తే ఒకటి బతుకుతుంది, రాయి నాయనా" అన్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం చదివి నేను పొయ్యి వెలిగించకుండా కూర్చుంటే హఫీజున్నీసా వచ్చింది. సంగతంతా చెప్పాను.

"నిద్రే కదా వదినా అడ్డం? ఒక రాత్రి ఎక్కడో చోట పడుకోవాలి, అంతేగా?" అంది.

"ఎక్కడో చోట కాదే. పుట్టింట్లో."

"మా చెల్లెలు షాజాది హైదరాబాదు మలక్‌పేటలో ఉంది. నన్ను అక్కా అంటది. నిన్ను చూస్తే ఏమంటది? నిన్నూ అక్కా అనే అంటది. చెల్లెలిల్లు పుట్టిల్లు కాదా?"

"లోకం ఊరుకుంటుందా?"

"ఊరుకోకపోతే లోకాన్ని వచ్చి సంతకం పెట్టమను. మొగుడు పోయాక మా మేనత్త నాలుగు నెలలు గడప దాటకుండా ఇద్దత్‌లో కూర్చుంది. నాకు తెలియదా ఈ కూర్చోవడం? కానీ పిల్ల కోసమని లేస్తే ఏ దేవుడు వద్దంటాడు చెప్పు."

మర్నాడు చీకట్లోనే బయల్దేరాం. హైవే మీద బస్సుకి నేను ఎదురుపడితే డ్రైవరు ఆపుతాడో లేదోనని భయం వేసింది. ఆపాడు. కండక్టరు నా నుదురు వంక చూడనేలేదు, చిల్లర లేదని హఫీజాతో పోట్లాడాడు. మూడు నెలల నుంచి ఇంట్లో ఎంత భయపడ్డానో తలుచుకుని నవ్వొచ్చింది.

ముందు నందిగామ. మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తా, "మగవాళ్లెవరూ రాలేదా?" అన్నాడు.

"వచ్చినవాళ్లం ఇద్దరం ఆడవాళ్లమే. ఎక్కడ నిలబడాలో చెప్పండి" అన్నాను.

"వేలిముద్ర వేస్తావా?"

"సంతకం చేస్తాను. ఇంకు ఉన్న కలం ఇవ్వండి."

మేజిస్ట్రేటుగారు పెద్దాయన. నా కూతురి ఖర్చులకి, ప్రయాణానికి, నడవడికకి నేను పూచీ అని చదివి వినిపించి, "అర్థమైందా అమ్మా?" అన్నారు. అర్థమైందని సంతకం చేశాను. నీ నడవడికకి ఎవరో పూచీ పడాలట! ఆ మాట దగ్గర మాత్రం హఫీజా నోరు నొక్కుకుని నవ్వింది.

అక్కణ్ణుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి హైదరాబాదు. పాస్‌పోర్టు ఆఫీసులో మా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. కళ్లద్దాల ఆఫీసరుగారు ఫైలు తీసి, పోలీసు కాగితం చూసి, తల అడ్డంగా ఊపారు.

"ఇంటి పెద్ద వద్దన్నారని ఉందమ్మా ఇందులో."

"ఆ పిల్లని కన్నది ఇంటి పెద్ద కాదండీ."

"అది సరే. మీ ఆయన ఉంటే ఏమనేవారు?"

భారతీ, ఆ ప్రశ్న వినబడనట్టు మళ్లీ అడిగించుకున్నాను. ఆయన తలెత్తి చూశారు. అప్పుడు, "చదివించమనేవారండీ" అన్నాను.

ఆయన కాసేపు నా కాగితాలు చూసుకుని, "ఎకరం పాసు పుస్తకం చూపించండి. రేపు పొద్దున రండి, పై ఆఫీసరు ముందు మీ మాట మళ్లీ చెప్పాలి" అన్నారు.

అలా ఆ రాత్రి షాజాది ఇంట్లో ఉండాల్సి వచ్చింది. చిన్న ఇల్లు. షాజాది నన్ను చూడగానే అక్కా అని కావిలించుకుని ఏడ్చింది. నన్ను ఎన్నడూ చూసిన మనిషి కాదు. నాకోసం కొత్త గిన్నె తెచ్చి వంకాయ కూర చేసింది. గోడ పక్కన చాప వేసి, తన పెళ్లినాటి దుప్పటి తీసి పరిచింది. మీ నాన్న పోయాక మధ్యలో లేవకుండా నిద్రపోయింది ఆ రాత్రే. పొద్దున్నే లేపి, "నిద్ర అయిపోయింది అక్కా, ఇక నువ్వు ఎక్కడికైనా పోవచ్చు" అని చీర పెట్టింది. పుట్టింటివాళ్లు పెట్టినట్టే.

పై ఆఫీసరు ముందు కూడా అదే మాట చెప్పాను. పోలీసు కాగితం మీద ఏదో రాసి, నా పూచీకత్తు గుచ్చి, మాస్కోకి పంపిస్తామన్నారు.

ఇంటికొచ్చేసరికి మీ మామయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు. ఎవరో కబురు మోసేశారు.

"పరాయి ఇంట్లో మొదటి నిద్రా చెల్లమ్మా? అదీ సాయిబుల ఇంట్లోనా?"

"చేసొచ్చాను అన్నయ్యా. ఇక నువ్వు ఉగాదికి శ్రమపడి రానక్కర్లేదు" అన్నాను.

కాళ్లు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయాడు. మీ పెదనాన్న మాత్రం తన అరుగు మీంచి చూస్తూ ఉన్నారు.

నువ్వు నింపిన ఆ అర్జీ చింపెయ్యి. నీకు నేను కావాలా వద్దా అన్నది తరవాత. ముందు నాకు డాక్టరు కావాలి.

కోపంతో కాదు, ప్రేమతోనే
అమ్మ


ఖార్కోవ్,
24 జూన్ 1981

ప్రియమైన అమ్మకి,

వచ్చింది! పాస్‌పోర్టు పొడిగించి పంపారు. నిన్న వీసా ముద్ర కూడా పడింది, వచ్చే ఏడాదికి. ఇక ఏటా ఇక్కడే మామూలుగా పొడిగిస్తారట. కిటికీ వెనకావిడ ముద్ర కొట్టి, పాస్‌పోర్టు నా చేతికివ్వకుండా ఒక నిమిషం పట్టుకుని, "మీ అమ్మ ఏం పని చేస్తుంది?" అని అడిగింది. వ్యవసాయం అన్నాను. "మా అమ్మ కూడా" అంది.

పరీక్షలు నిన్నటితో అయిపోయాయి. అన్నీ పాసయ్యాను. ఒకదాంట్లో మాత్రం మొదటి మార్కు.

సెలవులకి రావాలని ఉంది. కానీ వస్తే మళ్లీ ఢిల్లీలో ఆ తిరుగు వీసా కోసం కూర్చోవాలి. అందుకని రావడం లేదు. ఆస్పత్రిలో పని చేస్తాను. హఫీజా అత్తకి, చూడని ఆ షాజాది పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

ఒక్క సంగతి మాత్రం చెబుతున్నాను. నేను డాక్టరునై వచ్చినా పెదనాన్న గుమ్మం తొక్కను. ఆయన ఎదురుపడినా మాట్లాడను. నువ్వు కూడా వద్దని చెప్పకు.

నీ భారతి


చిల్లకల్లు,
14 జులై 1981

ప్రియమైన భారతికి,

నీ ఉత్తరం ఊరంతా చూపించాను. హఫీజా కోడిని కోసింది, నన్నడక్కుండా నా కోడినే.

నీ పరీక్షలు అయ్యేదాకా, నీ వీసా పడేదాకా నేనొక మాట దాచాను. పెదనాన్న గుమ్మం తొక్కనని నువ్వు రాయకపోతే ఇంకో రెండేళ్లు దాచేదాన్ని. ఇక దాచడం పాపం. కూర్చుని చదువు.

మీ నాన్న ఆస్పత్రిలో చేరిన రెండో రోజు స్పృహలోకి వచ్చి, మీ పెదనాన్న చెయ్యి పట్టుకున్నారు. "అన్నయ్యా, అమ్మాయిని రప్పించు. చూడాలి. ఇంక పంపొద్దు, ఇక్కడే ఉండిపొమ్మను" అన్నారు. మీ పెదనాన్న ఏడుస్తూ, "రప్పిస్తాన్రా, నాదీ పూచీ" అని మాటిచ్చారు. వెంటనే కిందకి దిగి, టెలిగ్రాం ఇవ్వడానికి బయల్దేరారు. ఆస్పత్రి మెట్ల మీద అడ్డం నిలబడింది నేను. "ఇవ్వొద్దు బావగారూ. అది వచ్చేసరికి ఈయన ఉంటారో ఉండరో. వస్తే మళ్లీ వెళ్లదు" అన్నాను. ఆయన నన్ను తిట్టారు. తమ్ముడి కడసారి మాట కాదంటావా అన్నారు. కాదన్నాను. తల్లినని, నా మాట చెల్లుతుందని అన్నాను. ఆ తరవాత రెండు రోజులూ మీ నాన్న తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూశారు. పక్కనే కూర్చుని చూశాను. ఆ చూపు నాకు తెలుసు, దాన్ని మోసుకునే బతుకుతాను.

ఈ మాట నీకు రాయొద్దని నేనే మీ పెదనాన్న చేత ఒట్టు వేయించుకున్నాను. దేశం కాని దేశంలో పిల్ల తట్టుకోలేదంటే, నిజమేనని ఒప్పుకున్నారు. ఇచ్చిన మాట కోసం నిన్ను రమ్మన్నారు. వేసిన ఒట్టు కోసం కారణం రాయలేదు. పొలం కోసమని నువ్వు అనుకున్నావు. ఊళ్లోనూ అదే అన్నారు. ఒక్కరికీ జవాబు చెప్పుకోలేదు ఆయన. మీ నాన్న మిరపతోట కూడా ఈ ఏడు ఆయనే చేయించి, పంట తెచ్చి మన వాకిట్లో పోయించారు.

నేను తప్పు చేశానని రాయడం లేదు. చాలా ఆలోచించే చేశాను. రప్పించమన్నది జబ్బుతో మంచం మీదున్న మనిషి. నిన్ను మద్రాసు దాకా తీసుకెళ్లి విమానం ఎక్కించి, నేను ఏడుస్తుంటే నువ్వు తల తిప్పి చూడకూడదని నా తలని తన భుజానికేసి అదుముకున్నది మీ నాన్న. ఇద్దరూ ఆయనే. ఎవరి మాట నిలబెట్టాలో నేను తేల్చుకోవలసి వచ్చింది. తేల్చుకున్నాను. ఆయన ఉండి అడిగినా ఇదే చెబుతాను.

నిన్న మీ పెదనాన్న ఇంటికి వెళ్లాను. నీ వీసా సంగతి చెప్పాను. తల వంచుకుని, "వాడికి ఇచ్చిన మాట తప్పాను దుర్గాంబా" అన్నారు.

"రప్పిస్తానన్నారు గానీ ఎప్పుడని చెప్పలేదుగా బావగారూ. ఎనభై మూడులో డాక్టరై వస్తుంది. మీరే మద్రాసు వెళ్లి తీసుకురండి" అన్నాను.

"నాతో మాట్లాడుతుందా?" అన్నారు. ఆ జవాబు నీ దగ్గరుంది.

నా మీద కోపం వస్తుంది. రానియ్యి. నాన్న చివరి చూపు నీకు దక్కకుండా చేసింది వీసా కాదు, నేను. ఉత్తరం రాయబుద్ధి కాకపోతే మానెయ్యి, ఎందుకు రాయలేదని అడగను. సెప్టెంబరు ఒకటిన క్లాసులు మొదలవుతాయి కదా. ఆ రోజు మాత్రం క్లాసులో ఉండు.

మీ అమ్మ,
దుర్గాంబ